నడిమి పాదం

పాళీకి ఆ పేరు వాళ్ళమ్మ పెట్టింది. చిన్నప్పుడు నిద్రలో కూడా కలం వదిలేది కాదట. యాభై దాటినా ఇంట్లో, వీధిలో, పనిచేసే చోట ఆమె పాళీయే. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే, ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆమె కూడా వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆమె పని అక్షరాలు తయారుచేయడం. కథలు, కవితలు కాదు, ఒట్టి అక్షరాలే. కంప్యూటర్లో జనం ఎంచుకునే ఫాంట్లను ఎవరో ఒకరు కూచుని గీయాలి కదా, ఆ ఎవరో ఒకరు పాళీ. ఈ సంగతి చెబితే సగం మంది "అవి కంప్యూటర్లోనే ఉంటాయి కదండీ" అంటారు. వాళ్ళకు వివరించడం ఆమె ఎప్పుడో మానేసింది.

ఈసారి గీసింది గోతిక్ ఫాంట్. పాతకాలపు పుస్తకాల్లో, కొన్ని పత్రికల పేర్లలో కనిపించే నల్లటి, బరువైన ఇంగ్లీషు అక్షరాలు అవి. వెడల్పాటి కలం పాళీని ఏటవాలుగా పట్టుకుని రాస్తే నిలువు గీతలు లావుగా, అడ్డగీతలు వెంట్రుకంత సన్నంగా వస్తాయి. ప్రతి నిలువు గీత కిందా నాలుగు పలకల చిన్న పాదం ఉంటుంది. పక్కపక్కన పేరిస్తే కంచె కట్టినట్టుంటుంది. ఎన్, యు, ఎమ్ అన్నీ తోబుట్టువుల్లా ఒకేలా కనిపిస్తాయి. తెలియనివాళ్ళు చదవడానికి తంటాలు పడతారు, తెలిసినవాళ్ళు చూస్తూ కూచుంటారు. పాళీ ఈ అక్షరాల మీద ఏళ్ళు పోసింది. ఇంటినిండా అక్షరాలు అచ్చువేసి చూసుకునే ప్రూఫ్ కాగితాలే. సొరుగుల్లో పరిచేదీ అవే, బల్ల తుడిచేదీ అవే, భర్త కళ్ళజోడు పెట్టుకునేదీ వాటి మీదే.

చివరికి ఒక నాటకశాలవాళ్ళు అడిగారు. పాత భవనం బాగుచేసి మళ్ళీ తెరుస్తున్నారు. బోర్డు మీద, టికెట్ల మీద, గోడల మీద ఈ అక్షరాలే ఉండాలన్నారు. ఒకే ఒక్క షరతు పెట్టారు. నాటకశాల తెరిచేదాకా ఈ ఫాంటు బయట ఎక్కడా కనబడకూడదు, కనబడితే ఒప్పందం రద్దు.

"మా ఇంట్లోంచి ఈగ కూడా బయటికి పోదు," అని సంతకం పెట్టింది పాళీ.

సంతకం తడి ఆరకముందే, బజారుకు వెళుతూ కొత్తగా పెట్టిన సెలూన్ ముందు ఆమె కాళ్ళు ఆగిపోయాయి. గాజు తలుపు మీద నల్లరంగుతో గోతిక్ అక్షరాలు. గోతిక్ అక్షరాలు లోకంలో బోలెడు ఉన్నాయి, ఆమెకు తెలియంది కాదు. కానీ మొదటి అక్షరం ఎస్. దాని కడుపులో రెండు సన్నగీతలు, కిందిది పైదానికంటే పొట్టి. ఒకరోజు చెయ్యి జారి అలా పడితే, బాగుందని అలాగే ఉంచుకున్న గీత అది. ఇంకెవరి చెయ్యీ సరిగ్గా అక్కడే జారదు. ఎవరో సంచిలో చెయ్యి పెట్టి తన పర్సు తీస్తుండగా చూసినట్టయింది పాళీకి.

లోపలికి వెళ్ళి "ఇది మీకెక్కడిదండీ?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. అడిగితే "ఏమిటి విషయం" అంటాడు, ఆ మాట నలుగురి నోళ్ళలో పడుతుంది, నాటకశాల దాకా పోతుంది. అదీ ఆమె చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరు. అనుమానం పట్టినవాళ్ళకు జవాబు కంటే అనుమానమే రుచిగా ఉంటుంది.

ఫాంటు ఫైలు తను కాక ఇద్దరి దగ్గరే ఉంది. ఒకరు చుక్కల మేష్టారు. పాళీ కాగితం మీద గీసింది కంప్యూటర్ ఫైలుగా మార్చేది ఆయనే. అక్షరాన్ని అక్షరంగా చూడరాయన, చుట్టూ పెట్టిన చుక్కల లెక్కగా చూస్తారు. ఎంతో కష్టపడి గీసిన క్యూ అక్షరాన్ని చూపిస్తే "ముప్పై ఎనిమిది చుక్కలు, కొంచెం ఎక్కువేనండీ" అన్న మనిషి.

రెండోది తమ్ముడు.

తమ్ముడు రాతిపని చేస్తాడు. శంకుస్థాపన ఫలకాలు, ఇళ్ళ పేర్లు, సమాధి రాళ్ళు, అన్నీ ఉలితో చెక్కుతాడు. కిందటేడు అమ్మ పోయింది. పోయేముందు, "నా రాయి మీద దాని అక్షరాలు, వీడి చెయ్యి," అంది. ఇంకేమీ కోరలేదు. అందుకే ఫాంటు పూర్తి కాగానే పాళీ తమ్ముడికి ఫైలు పంపింది. గని నుంచి మంచి నల్లరాయి రావాలి, వచ్చాక మొదలుపెడతానన్నాడు వాడు. అమ్మ పోయాక పుట్టింటి తరఫున ఆమెకు మిగిలింది ఆ తమ్ముడొక్కడే. వాడు దొంగయితే ఆమెకు ఇంక పుట్టిల్లు లేనట్టే.

"మీ తమ్ముడెందుకు ఇస్తాడే?" అన్నాడు భర్త. పోస్టాఫీసులో రిటైరై, ఇప్పుడు ఇంట్లో ఉత్తరం ముక్క లేకపోయినా ప్రతిదీ రెండుసార్లు చదివే మనిషి.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

"ఈశ్వరుడి సంగతి అలా ఉంచు. ఆ సెలూనతన్ని అడిగేస్తే పోలా?"

"మీరు వెళ్ళి అడగండి. నా పేరు రాకుండా. క్షవరం చేయించుకుంటూ మాటల్లో మాటగా."

ఆయన తల మీద క్షవరానికి మిగిలింది చెవుల వెనక నాలుగు పోగులు. అయినా భార్య మాట జవదాటని మనిషి కాబట్టి వెళ్ళాడు. తిరిగొచ్చి, "ఎవరో తెలిసినవాళ్ళే ఇచ్చారట," అన్నాడు.

"ఎవరు?"

"అది అడిగేలోపే పని అయిపోయింది. నా తలకు ఎంతసేపు పడుతుంది?"

తెలిసినవాళ్ళు. ఆ మాట పాళీ చెవిలో చీమలా దూరింది. ఆదివారం తమ్ముడు భోజనానికొచ్చాడు. తల నున్నగా దువ్వి ఉంది, మెడ మీద కత్తెర గీత కొత్తగా ఉంది.

"క్షవరం ఎక్కడ చేయించావురా?"

"మీ బజారులో కొత్తగా పెట్టారుగా, అక్కడే. ఏం?"

"ఏం లేదు. బాగుంది."

"తలుపు మీద అక్షరాలు భలే రాశాడక్కా," అన్నాడు తమ్ముడు కూర కలుపుకుంటూ. "నీవాటిలాగే ఉన్నాయి."

పాళీ వాడికి ఇంకో గరిటె కూర వేసింది. వాడి మొహం చూసింది. వాడు అమాయకంగా మంచినీళ్ళు తాగుతున్నాడు. అమాయకంగా ఉండటం కూడా ఒక విద్యేనని ఆమెకు ఆ రోజే తోచింది. నిజంగా దొంగయితే ఆ అక్షరాల మాట తనంతట తను ఎందుకెత్తుతాడు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అందుకే ఎత్తాడు. ఎత్తకపోయి ఉంటే? దాచాడు కాబట్టి ఎత్తలేదనుకునేది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? దానికి ఏ దారిన పోయినా ఇల్లే వస్తుంది.

మర్నాడు పాళీ ఉచ్చు పన్నింది. వాళ్ళ పనిలోవాళ్ళకు మాత్రమే తట్టే ఉచ్చు అది. ఎమ్ అక్షరానికి మూడు కాళ్ళు, మూడు పాదాలు, అన్నీ కుడివైపు చూస్తుంటాయి. మేష్టారి ఫైలులో మొదటి పాదాన్ని ఎడమకు తిప్పింది. తమ్ముడి ఫైలులో నడిమి పాదాన్ని తిప్పింది. బియ్యపు గింజంత తేడా, మామూలు కంటికి ఆనదు. ఏ దొంగ అక్షరం ఎక్కడ తేలినా, పాదం చూస్తే చాలు ఏ గడపలోంచి వచ్చిందో తెలిసిపోతుంది. సెలూను పక్క అద్దం ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడ మగవాళ్ళకు, పిల్లలకు అని ఇంగ్లీషులో రాయిస్తారట, భర్త వినొచ్చాడు. అందులో ఎమ్ తప్పకుండా పడుతుంది.

"పాత ఫైల్లో తప్పులున్నాయి, తీసేయండి. ఇదే ఫైనల్," అని ఇద్దరికీ విడివిడిగా పంపింది.

మేష్టారు "సరేనండీ" అని ఊరుకున్నారు. తమ్ముడు మాత్రం ఫోన్ చేశాడు.

"అక్కా, ఇదే ఫైనలా?"

"చెప్పాను కదరా."

"ఇంకేం మార్చవు కదా? ఉన్నది ఉన్నట్టు వాడొచ్చా?"

"ఎందుకంత గుచ్చి గుచ్చి అడుగుతున్నావు?"

"ఊరికే. నువ్వు సరేనంటే సరే."

ఫోన్ పెట్టేసి పాళీ లెక్కలు వేసుకుంది. రాయి ఇంకా రాలేదన్నవాడికి ఇంత తొందరేమిటి? ఎవరికో మాట ఇచ్చి ఉంటాడు. ఎవరో అవతల కాచుకుని ఉండుంటారు.

ఆ తర్వాత తమ్ముడు ఆదివారాలు రావడం మానేశాడు. ఫోన్ చేస్తే మరదలు ఎత్తేది.

"ఆయన లేరు వదినా. బయటికెళ్ళారు."

ఆమె వెనకాలే టకటకమని సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. ఇంటి పక్కనే ఉన్న రాతిపని కొట్టంలో ఉలి పట్టేది ఒక్క తమ్ముడే, పనివాళ్ళెవరూ లేరు.

"ఎవరమ్మాయ్ కొట్టేది?"

"అదా... పక్కింట్లో ఏదో రిపేరు వదినా," అంది మరదలు. అబద్ధం చెప్పడం అలవాటు లేక గొంతు అరువు తెచ్చుకున్నట్టుంది.

ఒకసారి పాళీ చెప్పకుండా వెళ్ళింది కూడా. కొట్టం తలుపు వేసి ఉంది. తమ్ముడు బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగి, వీపు దానికే ఆనించి నిలబడి మాట్లాడాడు. జుట్టు నిండా, కనుబొమల నిండా రాతిపొడి. లోపల టార్పాలిన్ కప్పిన పెద్ద పలక ఏదో సందులోంచి కనిపించింది.

"లోపల ఏముందిరా?"

"ఏదో పనిలే అక్కా. పద, ఇంట్లో కూచుందాం."

ఆమె కూచోలేదు. పనుందని వచ్చేసింది. దారంతా కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే ఉంది. దొంగతనం చేసినందుకు కాదు, తన మొహం మీదే తలుపు వేసినందుకు ఏడుపొచ్చింది.

ఆ వారంలోనే సెలూన్ పక్క అద్దం మీద అక్షరాలు వెలిశాయి. పాళీ ఎదురుగా ఉన్న చెప్పుల షాపులో అక్కర్లేని చెప్పులు బేరమాడుతూ, భూతద్దం తెచ్చుకోనందుకు తిట్టుకుంటూ, ఎమ్ వైపు చూసింది. మూడు పాదాలూ కుడివైపే ఉన్నాయి. ఏ పాదమూ తిరగలేదు.

ఎవరైనా ఊపిరి పీల్చుకోవాల్సిన చోటు అది. కొత్త ఫైలు అందుకున్న ఇద్దరి మీదా సాక్ష్యం లేదని ఆ అద్దమే చెబుతోంది. కానీ పాళీ బుర్ర అప్పటికే ఒక వాలులో పడి ఉంది. దొంగ ఉచ్చు కనిపెట్టేశాడు, పాదం సరిచేసి మరీ ఇచ్చాడు అనుకుంది. మేష్టారు కనిపెట్టలేరు. ఆయనకు పాదం తిరిగినా చుక్కల లెక్క మారదు. బియ్యపు గింజంత తేడా పట్టే కన్ను ఈ ఊళ్ళో తనకు కాక ఇంకొకరికే ఉంది. ఆ కన్ను అమ్మ ఇద్దరికీ పంచి ఇచ్చింది.

"ఇంక సందేహం లేదండీ. వాడే," అంది ఇంటికొచ్చి.

భర్త పేపరు మడిచాడు. ఇన్నేళ్ళలో ఆయన గొంతు పెంచింది తక్కువ. "తప్పు దొరికితే దొంగ. దొరక్కపోతే తెలివైన దొంగ. ఇంక వాడు నిర్దోషి అవడానికి ఏం చేయాలో కాస్త చెప్పు, వాడికి కబురు పెడతాను," అన్నాడు. "ఇదిగో, ఈ తల మీద ఇంక కోయడానికేం లేదు. నువ్వే వెళ్ళి అడుగు."

పాళీకి కోపం వచ్చింది. ఆ కోపంలోనే వెళ్ళింది. సెలూన్ అతను ఎవరికో గడ్డం గీస్తున్నాడు. నవ్వుమొహం మనిషి.

"ఈ అక్షరాలు మీకెవరిచ్చారండీ?"

"బాగున్నాయాండీ? ఇదిగో ఇదేనండీ," అని కత్తి చివరతో అద్దం పక్కకి చూపించాడు. అక్కడ గోడకు మేకు కొట్టి, నూనె మరకలతో, నాలుగు మడతలు పడ్డ కాగితం ఒకటి వేలాడుతోంది. "నా కత్తెర్లు సాన పట్టించడానికిస్తే, మూలమీద సానపట్టే పెద్దాయన దీంట్లో చుట్టి ఇచ్చాడు. విప్పి చూస్తే కళ్ళు చెదిరాయండీ. మా రంగులాయన చేత దీన్ని చూసే రాయించాను. ఆ పెద్దాయన దగ్గర ఇట్లాంటివి ఇంకా ఉన్నాయట. ఎవరో ఒకావిడ తన కత్తులు చుట్టుకుని తెస్తుందట."

ఆ కాగితం పాళీ ప్రూఫే. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వరసగా, మూలన ఆమె చేత్తో పెట్టిన దిద్దుబాటు గుర్తుతో సహా.

కాగితం కోసే కత్తులు ఆమె ఎప్పుడూ ప్రూఫ్ కాగితాల్లోనే చుట్టి సానకు ఇస్తుంది. ఈ పనిలో పడ్డప్పటి నుంచీ అంతే. ప్రూఫంటే దిద్దాక పారేసే కాగితం, చెత్త. దాచుకోవలసింది ఫైలు. ఫైలుకు తాళాలు వేసింది, ఉచ్చులు పన్నింది, కాపలా కాసింది. అక్షరాలను మాత్రం కట్టలు కట్టి తనే మూలమీద ఇచ్చి వచ్చింది. సెలూన్ అతను కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు. పాళీ నీళ్ళు తాగి, ఆ అక్షరాలు తనవని చెప్పి, కాగితం అడిగి తీసుకుంది. నాటకశాలవాళ్ళకు తనే ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. వాళ్ళు ఉంచితే ఉంచుతారు, పొమ్మంటే పొమ్మంటారు. విచిత్రంగా ఆ సంగతి ఆమెకు పెద్ద బరువనిపించలేదు. తమ్ముడు దొంగ కాడు. ఆ ఒక్క మాటే లోపల మళ్ళీ మళ్ళీ అనుకుంటూ బస్సెక్కింది.

బస్సు సగం దూరం పోయాక ఆమెకు పాదం తిప్పి పంపిన ఫైలు గుర్తొచ్చింది. పర్లేదు, రాయి ఇంకా రాలేదుగా, ఇవాళే మంచి ఫైలిస్తే సరిపోతుంది అనుకుంది. ఆ వెంటనే సుత్తి దెబ్బలు గుర్తొచ్చాయి. టార్పాలిన్ కింది పలక గుర్తొచ్చింది. మిగిలిన సగం దూరం ఆమె సీటులో కూచోలేక నిలబడే ఉంది.

కొట్టం తలుపు ఈసారి తెరిచే ఉంది. తమ్ముడు ఆమెను చూసి దాచబోయి, మళ్ళీ నవ్వేశాడు.

"దొరికిపోయాను. మొత్తం అయ్యాక చూపిద్దామనుకున్నానక్కా. అందుకే ఇన్నాళ్ళూ నిన్ను రానివ్వలేదు. పాపం మా ఆవిడ అబద్ధాలాడలేక చచ్చింది." టార్పాలిన్ ఒక అంచు పట్టుకుని లాగాడు. "రాయి మనం అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది. నీ ఫైనల్ కోసమే ఆగాను."

నల్లరాయి మీద ఇంగ్లీషులో అమ్మ పేరు. పాళీ ఎన్నడూ తన అక్షరాలను అంత అందంగా చూడలేదు. కాగితం మీద సిరాగా ఉన్నది ఇక్కడ లోతుగా మారింది. వెంట్రుకంత అడ్డగీతలు కూడా ఎక్కడా చిట్లలేదు. అమ్మ పేరులో ఎమ్ రెండుసార్లు వస్తుంది. రెండుచోట్లా నడిమి పాదం ఎడమకు తిరిగి ఉంది.

"చూశానక్కా," అన్నాడు తమ్ముడు ఆమె చూపు ఎక్కడ ఆగిందో కనిపెట్టి. "చెక్కే ముందు రాయి మీద అచ్చు కాగితం అంటించేటప్పుడే కనబడింది. మా ఆవిడ, తప్పేమో వదిన్ని అడగమంది. నువ్వు తప్పు చేయవన్నాను. అయినా ఫోన్ చేసి ఇదే ఫైనలా అని అడిగాను కదా. ఉన్నది ఉన్నట్టు చెక్కాను. ఎందుకలా తిప్పావో మాత్రం అర్థం కాలేదు. అమ్మ కోసం ఏమన్నా అనుకున్నావా?"

అవునంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ఆ ముద్దుమాటను వాడు జీవితాంతం నమ్ముతాడు, వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. పాళీ చేతిలో ఉన్న మరకల కాగితం వైపు చూసి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎస్ అక్షరం, సెలూన్, వాడి క్షవరం, రెండు ఫైళ్ళు, కత్తులు చుట్టిన ప్రూఫు, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ తమ్ముడు రాయి మీద పొడిని బొటనవేలితో తుడుస్తూనే ఉన్నాడు.

"నాకొక్కడికే తిప్పావా?"

"మేష్టారికి మొదటి పాదం. నీకు నడిమిది."

తలూపాడు. తనదెక్కడో తెలియడమే కావలసినట్టు.

"ఇంకో రాయి తెప్పిద్దాంరా. సరైన ఫైలిస్తాను. ఖర్చంతా నా మీద వేసుకుంటాను."

"వద్దు," అన్నాడు. "అమ్మ పేరు నేను రెండోసారి చెక్కలేను."

రాతిలో తీసేయడమే ఉంటుంది, మళ్ళీ పెట్టడం ఉండదు. అది వాడు చెప్పనక్కర్లేదు, పాళీకి తెలుసు. మరదలు వాకిట్లోకి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, వచ్చినదారినే వెళ్ళిపోయింది.

"అడిగితే చెప్పేవాణ్ణి కదక్కా," అన్నాడు తమ్ముడు. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది అనిపించింది పాళీకి.

"అడగాల్సింది."

"అయితే ఇప్పుడడుగు."

"ఇప్పుడెందుకురా? అంతా తెలిసిపోయాక?"

"నీకు తెలిసింది. నన్నెవరూ అడగలేదు."

పాళీ రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయింది. తమ్ముడు ఎదురుగా నిలబడి, స్కూల్లో మేష్టారు ఎప్పుడు పిలుస్తారా అని చూసినట్టు చూస్తున్నాడు.

"నా అక్షరాలు నువ్వెవరికైనా ఇచ్చావా?"

"లేదక్కా," అన్నాడు.

కింద పెట్టిన ఉలి తీసుకుని, రాయి మీద అమ్మ పోయిన ఏటి అంకెల దగ్గర ఆగిపోయిన పనిలోకి మళ్ళీ ఒంగాడు.